గ్రేహౌండ్ రేసుల్లో ట్రాప్ నంబరు ప్రభావం: మొదటి మలుపు స్థానాన్ని మోడల్‌లో ఉంచాలా?

భీమవరంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి బ్రిటన్ గ్రేహౌండ్ రేసుల ఫలితాలు తీసుకున్నా. కోడిపందేల ఊరు కాబట్టి ముందే చెప్తున్నా, పందెం కాయడానికి కాదు. 480 మీటర్లు, ఆరు కుక్కలు, నాలుగు మలుపులు. ఒక్కో కుక్క ఒక్కో ట్రాప్ (బయల్దేరే పెట్టె) నుంచి మొదలవుతుంది; 1 లోపలి రెయిలు వైపు, 6 బయటి వైపు.

లోపలి రెయిలుకి ఒక మీటరు ఎడంగా మలుపులన్నీ తిరిగితే 6.28 మీటర్లు ఎక్కువ పరిగెత్తాలి. 29 సెకన్లలో ముగించే కుక్కకి అది దాదాపు 0.38 సెకన్లు. అక్కడ ఒక లెంగ్త్ (ఒక కుక్క పొడవు) అంటే 0.08 సెకన్లు, అంటే నాలుగున్నర లెంగ్త్‌ల పైమాటే. కానీ నా రిగ్రెషన్‌లో 1, 6 ట్రాప్‌ల మధ్య తేడా దాదాపు సున్నా!

కారణం తెలిసింది. రెయిలు పట్టుకుని పరిగెత్తేవాటికి లోపలి ట్రాప్‌లు, ఎడంగా తిరిగేవాటికి 5, 6 ఇస్తారట. రేసు కార్డులో ఎడంగా తిరిగేవాటి పేరు పక్కన డబ్ల్యూ (వైడ్) ఉంటుంది.

ఒకే కుక్కని వేర్వేరు ట్రాప్‌లలో పోల్చబోతే, డబ్ల్యూ కుక్కలు 1లో కనపడనే లేదు. మొదటి మలుపు దగ్గర కుక్క ఎన్నో స్థానంలో ఉందో మోడల్‌లో కలిపితే, ఉన్న ఆ కాస్త ట్రాప్ ప్రభావం కూడా పూర్తిగా మాయమైంది. ఆ స్థానం కూడా ట్రాప్ వల్ల వచ్చిందే కదా అని నా అనుమానం.

ట్రాప్ ప్రభావం కొలవాలంటే మొదటి మలుపు స్థానాన్ని మోడల్‌లో ఉంచాలా, తీసేయాలా?