‘నాలుగు రోజులే’ అని చెప్పి అమ్మను వృద్ధుల హోమ్‌లో చేర్చవచ్చా?

తెనాలి ఆడపడుచు:
మా అమ్మకు 78 ఏళ్లు. నాన్నగారు పోయాక తెనాలిలో ఒంటరిగా ఉంటోంది. సంక్రాంతి తర్వాత స్నానాల గదిలో జారిపడి, పనిమనిషి వచ్చేదాకా లేవలేక అలాగే ఉండిపోయింది. హైదరాబాద్‌లో నా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నర్సు, భోజనం, పిలిస్తే వచ్చే డాక్టరు ఉన్న హోమ్ ఒకటి చూశాం. ఆ మాట ఎత్తగానే ‘నన్ను వదిలించుకుంటారా?’ అంది. కంటి ఆపరేషన్ అయ్యాక విశ్రాంతికి నాలుగు రోజులని చెప్పి చేర్చేద్దామని అన్నయ్య అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

దూరపు కొడుకు:
అన్నయ్య మాటే వినండి. నేను డాలస్‌లో ఉంటాను. మా నాన్నగారిని అలా చెప్పే చేర్చాం. ఇప్పుడు పొద్దున నడక, సాయంత్రం పేకాట. అడిగితే ఏ తల్లీ సరేననదు. మరోసారి పడి తుంటి విరిగితే ఆ వయసులో లేచి తిరగడం ఎంత కష్టమో ఆలోచించండి.

విశ్రాంత ఉపాధ్యాయిని:
నేను అలాంటి హోమ్‌లోనే ఉంటున్నాను. మా గదుల వరుసలో ఒకావిడను ఇలాగే ‘నాలుగు రోజులు’ అని తెచ్చారు. నెలలు గడిచినా ఆవిడ సంచి విప్పలేదు. భోజనాల దగ్గర ఎవరితోనూ కలవరు. రేపో మాపో వెళ్లిపోయేదాన్ననే అనుకుంటున్నారు మరి!

నేను స్వయంగా తిరిగి చూసి, గది ఎంచుకుని వచ్చాను. మీ అమ్మగారినీ తీసుకెళ్లి ఆమె చేతే అడిగించండి. రాత్రి అన్నం బదులు పుల్కా పెడతారా? ఏకాదశి నాడు ఏమిస్తారు? గదిలో దీపం వెలిగించుకోనిస్తారా? అర్ధరాత్రి గంట కొడితే వచ్చేదెవరు? మంచాన పడితే ఉంచుకుంటారా, ఇంటికి పంపేస్తారా? ఈ చివరిదానికి జవాబు కాగితం మీద తీసుకోండి. ఆ తర్వాత నెల రోజులు ఉండి చూడమనండి. ఇల్లు అమ్మకండి, తాళంచెవి ఆమె దగ్గరే ఉండాలి. నచ్చలేదంటే నిజంగానే వెనక్కి తీసుకెళ్లండి.

దూరపు కొడుకు:
తీసుకెళ్తే మళ్లీ అదే స్నానాల గది కదండీ?

విశ్రాంత ఉపాధ్యాయిని:
ఈలోగా గోడకు కడ్డీలు, కింద జారని పలకలు వేయించండి బాబూ. వెళ్లడానికి వీల్లేని ఇంటిని చూపించి ‘నీ ఇష్టం’ అంటే అది అడిగినట్టా?

వరంగల్ న్యాయవాది:
ఆమె భయం ఇంటి గురించి కూడా కావచ్చు. ఈ సమయంలో సంతకాల మాట ఎత్తకండి. ఎప్పుడైనా పిల్లల పేర రాయాల్సి వస్తే, చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. పిల్లలు ఆ మాట తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉందని ఆమెకే చెప్పండి.

నాన్న కూతురు:
టీచరుగారితో ఒక్కచోట విభేదిస్తాను. మా నాన్నకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. ఇక ఇక్కడే ఉంటావని చెప్పిన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు ఏడ్చేవారు. చెప్పడం మానేశాం. ఆ స్థితిలో ఉన్నవారిని నిజం పేరుతో రోజూ గాయపరచలేం.

తెనాలి ఆడపడుచు:
అమ్మ జ్ఞాపకశక్తి నాకంటే బాగుంది, కాబట్టి అబద్ధం చెప్పను. అన్నయ్యకు ఇదంతా చదివి వినిపిస్తాను. ‘చూడడానికైతే వస్తా’నని అమ్మ అంది. విజయవాడ, గుంటూరు వైపు మంచాన పడినవారిని కూడా ఉంచుకునే హోమ్‌లు మీరు కళ్లారా చూసినవి ఉంటే రాయండి.