వసంతోత్సవానికి స్థానిక బీరే ప్రధాన ఆకర్షణ కావచ్చా?

మాల్టుమూట:

వసంతం రాగానే చాలా పట్టణాల్లో చిన్న బ్రూవరీలన్నీ కలిసి ఉమ్మడి మైదానంలో బీరు ఉత్సవం పెడతాయి. సంగీతం, పిల్లల ఆటలు, చేతివృత్తుల దుకాణాలు దాని చుట్టూ చేరతాయి. ఊరందరిదీ అయిన వేడుకకు బీరు నడిమధ్యన ఉండడం తగునా అన్నది ప్రశ్న. తగునని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బీరుకూ వసంతానికీ ఉన్న ముడి ప్రకటనలు రాసేవారు కల్పించింది కాదు. జర్మనీలోని బవేరియాలో 1553 నాటి శాసనం ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాయడాన్ని నిషేధించింది. ఎండాకాలంలో కాస్తే పాడైపోయేది. అందుకే చలికాలమంతా కాచి, మార్చిలో చివరి విడతను కాస్త గట్టిగా కాచి నేలమాళిగల్లో దాచుకునేవారు. మార్ట్‌సెన్ బీరుకు ఆ పేరు వచ్చింది మార్చి నెల నుంచే. మే నెల కోసం కాచేది మైబాక్. అంటే వసంతం బీరు కాసేవారికి పని ముగిసి ఊపిరి పీల్చుకునే కాలం. పంట ఇంటికి చేరినప్పుడు పదిమందినీ పిలవడం ఎక్కడైనా ఉన్నదే కదా!

ఇంకో సంగతి. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి కేంద్ర చట్టం అడ్డు తొలగించింది 1978 అక్టోబరులో, అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో. అప్పటికి ఆ దేశం మొత్తంలో బ్రూవరీలు వందకు లోపే. ఇవాళ 9 వేలకు పైన ఉన్నాయి. వాటిని పెట్టినవారిలో ఎంతోమంది మొదట ఇంటి వెనక గిన్నెలో కాచి, పక్కింటివారికి రుచి చూపించినవారే. ఆ రుచి చూపించడమే పెద్ద ఎత్తున జరిగితే దాన్ని ఉత్సవం అంటాం. దాన్ని మైదానం నుంచి వెళ్లగొడితే మిగిలేది నాలుగు పెద్ద కంపెనీల సీసాలే.

రాత్రిడ్యూటీ:

మాల్టుమూట గారూ, మీ ప్రేమ అర్థమైంది. నేను అత్యవసర విభాగంలో నర్సును. ఉత్సవం ముగిసిన రాత్రి మీరు ఇంటికి వెళతారు, నేను డ్యూటీకి వస్తాను.

ఒక్కటి చెబుతాను. ఒక వసంతోత్సవం చివరి రోజు రాత్రి ఇరవై, ఇరవై రెండేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. స్పృహ సరిగా లేదు, మోచేయి చర్మం లేచిపోయింది. రక్తపోటు చూసే పట్టీ కట్టాలంటే ముందు అతని మణికట్టుకున్న ఉత్సవం పట్టీని కత్తిరించాల్సి వచ్చింది. పసుపు రంగుది, దాని మీద పువ్వుల బొమ్మలు. దాన్ని అతని వస్తువుల సంచిలో వేశాను. తెల్లవారాక వాళ్లమ్మ ఆ సంచి విప్పి, ముందుగా ఆ పట్టీనే చేతిలోకి తీసుకుంది. అబ్బాయి బతికాడు. ఆమె చూపు మాత్రం నేను మరచిపోలేదు.

ఇప్పుడు లెక్క. ఆల్కహాల్ 7 శాతం ఉన్న మైబాక్ అర లీటరులో దాదాపు 28 గ్రాముల ఎథనాల్, అంటే ఆ ఆల్కహాలే, ఉంటుంది. మన కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాములే వదిలించుకోగలదు. ఒక్క గ్లాసుకు మూడు, నాలుగు గంటలు. మద్య పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. స్థానికంగా కాచారా, దూరం నుంచి వచ్చిందా అన్నది కాలేయానికి పట్టదు.

ఆ ‘చిన్న’ అన్న మాట కూడా చూడండి. అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ నిర్వచనం ప్రకారం ఏడాదికి 60 లక్షల బ్యారెళ్ల వరకు కాచినా చిన్న బ్రూవరీయే. అంటే సుమారు 70 కోట్ల లీటర్లు. ఇది పక్కింటివారికి రుచి చూపించే లెక్కా?

తాగాలనుకునేవారిని తాగే చోట్ల తాగమనండి, నేను అడ్డుపడను. ఊరి మైదానంలో, పిల్లల ఉయ్యాల పక్కన ఎందుకు?

పాతపుటలు:

చరిత్ర ఎత్తారు కాబట్టి రెండు దిద్దుబాట్లు.

మాల్టుమూట గారు చెప్పిన 1553 నిషేధం నిజమే. కానీ ఆ ముడిని తెంచింది శీతల యంత్రం. జర్మన్ ఇంజనీరు కార్ల్ వాన్ లిండె 1870లలో మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీలో తన యంత్రాన్ని పెట్టిన తర్వాత వేసవిలో కాయడానికీ చలికాలంలో కాయడానికీ తేడా క్రమంగా పోయింది. ఇవాళ ఏ నెలలోనైనా మైబాక్ కాయవచ్చు. కాబట్టి వసంతం అన్నది ఇప్పుడు మనం ఎంచుకుంటున్నది, తప్పనిసరి కాదు. ఎంచుకోవడం తప్పని నేను అనను. పంట పేరు చెప్పి బలవంతపు వాదన చేయవద్దని మాత్రమే అంటున్నాను.

ఇక రెండోది. జర్మన్ బ్రూవరీలు ఏటా ఏప్రిల్ 23ను బీరు దినంగా జరుపుకుంటాయి, 1516లో అదే తేదీన వచ్చిన బవేరియా శాసనం గుర్తుగా. బార్లీ, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు), నీరు తప్ప మరేదీ వాడరాదన్న వాక్యాన్నే అందరూ చెబుతారు. బీరును పులియబెట్టే ఈస్టు మాట అందులో లేదు. శాసనంలో ముందు వచ్చేది మాత్రం ధర: చలికాలంలో ఒక మాస్ బీరు ఒక ఫెనిగ్ మించరాదు, వేసవిలో రెండు ఫెనిగ్‌లు మించరాదు. మాస్ అంటే దాదాపు లీటరు పట్టే కొలత, ఫెనిగ్ అంటే చిన్న నాణెం. అంటే బీరు ఊరందరి వ్యవహారమైన చోట దాని మీద ఊరందరి అదుపూ ఉండేది. వేడుక తీసుకుని అదుపు వదిలేస్తే అది సగం సంప్రదాయమే.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి ఉత్సవాన్ని చూడండి. 1974 నుంచి ఉంది, మే నెలలో జీసస్ గ్రీన్ అనే బహిరంగ మైదానంలో జరుగుతుంది. నడిపేది జీతం లేని కార్యకర్తలు. 1971లో పుట్టిన క్యామ్రా ఉద్యమం వారిది. పీపాలోని బీరు పారిశ్రామిక బీరు కింద నలిగిపోతుంటే దాన్ని నిలబెట్టింది ప్రధానంగా తాగేవారే. అక్కడ పైంటులో మూడో వంతు, అంటే 189 మిల్లీలీటర్లు కొనుక్కోవచ్చు. చట్టం ఒప్పుకున్న కొలత అది.

రాగికుండ:

నేను బీరు కాచేవాణ్ని. మా బ్రూవరీలో పనిచేసేది ఐదుగురం. రాత్రిడ్యూటీ గారూ, ఆ 60 లక్షల బ్యారెళ్ల మాట మీరు అన్నందుకు నాకు కోపం రాలేదు, అది మాకూ గొంతులో ముల్లే. మేము అందులో వెయ్యో వంతు కూడా కాయలేం.

పాతపుటలు గారికి ఒక మాట. యంత్రం వచ్చింది నిజమే, కాలం మాత్రం తగ్గలేదు. మా వసంతపు బీరును జనవరిలో కాస్తాం. పది డిగ్రీల దగ్గర పులియనిచ్చి, తర్వాత సున్నాకు దగ్గరగా ఆరేడు వారాలు ఉంచుతాం. మొదటి వారం ట్యాంకు కుళాయి తిప్పి చిన్న గ్లాసులో పట్టి చూస్తే గంధకం వాసన ముక్కుకు తగులుతుంది, రంగు మబ్బు పట్టినట్టు ఉంటుంది. వారం వారం అదే కుళాయి, అదే గ్లాసు. ఈస్టు అడుక్కు దిగుతుంది, గంధకం పోతుంది. ఒకరోజు తెల్లవారుజామున పట్టి దీపానికి ఎదురుగా పెడితే గ్లాసు వెనక నా వేళ్ల గీతలు కనిపిస్తాయి. అప్పుడు రొట్టె పైపొర వాసన వస్తుంది. ఆ రోజు ఎవరికైనా చూపించాలనిపిస్తుంది. మా ఐదుగురికీ ఇంతే తెలుసు.

దుకాణం అరల్లో చోటు పెద్ద కంపెనీలది. వాటితో పోటీపడి నేను ప్రకటన ఇవ్వలేను. ఉత్సవంలో నా బల్ల మీద మాల్టు గింజల గిన్నె పెడతాను, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. పోయిన వసంతంలో ఒక పెద్దావిడ నాలుగు గింజలు నమిలి, కళ్లు మూసుకుని, “దీన్ని కాల్చేది మీరేనా?” అని అడిగారు. ఆవిడ బీరు తాగలేదు. అరగంట నిలబడి గింజ మొలకెత్తించడం గురించి అడిగారు. నాకు ఉత్సవం అంటే అది. దాన్ని తాగుబోతు సంత అన్నట్టు మాట్లాడితే మనసు కష్టపడుతుంది.

ఆరేళ్లు:

పేరులో ఉన్నట్టే, మానేసి ఆరేళ్లయింది. ఇప్పటిదాకా ఇక్కడ ఎవరూ నా లాంటివారి గురించి మాట్లాడలేదు.

రాగికుండ గారూ, మీ గ్లాసు వర్ణన చదవడం మధ్యలో ఆపేశాను. మీరు తప్పుగా రాశారని కాదు. బాగా రాశారు, అందుకే ఆపేశాను.

నాకు వసంతోత్సవం ఇష్టం. చలికాలమంతా తలుపులు మూసుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునే మొదటి రోజు అది. మానేసిన రెండో ఏడు ధైర్యం చేసి వెళ్లాను. ద్వారం దగ్గర చేతికి పట్టీ కట్టబోతే, తాగను అన్నాను. వేరే రంగు పట్టీ కట్టారు. ఆ తర్వాత నేను ఎవరితో మాట్లాడినా వాళ్ల కళ్లు ఒక్కసారి నా మణికట్టు మీదికి వెళ్లి వచ్చాయి. నీళ్ల కుళాయి మైదానం చివర, మరుగుదొడ్ల అవతల ఉంది. అక్కడికి చేరాలంటే పద్నాలుగు బీరు బల్లలు దాటాలి, లెక్కపెట్టాను. సగం దారిలో వెనక్కి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

నిషేధించమని నేను అడగను. నడిమధ్యన బీరు పెట్టినప్పుడు అంచులకు ఎవరిని నెడుతున్నారో చూడమంటున్నాను.

మాల్టుమూట:

ఆరేళ్లు గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. పద్నాలుగు బల్లల సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఉత్సవాల్లో కార్యకర్తగా బల్లలు వేసింది నేనే, కుళాయి ఎక్కడుందో అక్కడే నీళ్లన్నాం. నీళ్లు నట్టనడుమ ఉండాలి, ఉచితంగా ఉండాలి. పట్టీల రంగుల తేడా తీసేయాలి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

రాత్రిడ్యూటీ గారికి: కొలత తగ్గిద్దాం. అమెరికాలో పెద్దదైన గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో ఒక్కసారికి పోసేది ఒక ఔన్సు, సుమారు 30 మిల్లీలీటర్లు. రుచి తెలియడానికి అది చాలు.

రాత్రిడ్యూటీ:

30 మిల్లీలీటర్ల చొప్పున పదిహేను రకాలు రుచి చూస్తే 450 మిల్లీలీటర్లు. 7 శాతం బీరైతే 25 గ్రాముల ఎథనాల్. మళ్లీ మొదటికే వచ్చాం. పైగా చిన్న గ్లాసుల్లో తాగేటప్పుడు ఎంత తాగారో మనుషులకు గుర్తుండదు. నా దగ్గరికి వచ్చినవారిని అడిగితే “రుచే చూశాను” అంటారు, అబద్ధమాడరు, నిజంగా అలాగే అనుకుంటారు.

అసలు తగాదా కొలతతో కాదు, టికెట్‌తో. ద్వారం దగ్గర ఒకసారి డబ్బు కట్టి లోపల ఎంతైనా తాగవచ్చు అన్న పద్ధతి ఉన్నంతకాలం మనిషి కట్టిన డబ్బుకు గిట్టుబాటు చూసుకుంటాడు. ప్రవేశం ఉచితం చేయండి, ప్రతి గ్లాసూ కొననివ్వండి. అప్పుడు ఊరి మైదానం గురించి నాతో మాట్లాడండి.

రాగికుండ:

కష్టం ఉంది. ఒక్కో గ్లాసుకు లెక్క రాయాలంటే ఇద్దరు అదనంగా కావాలి, వాన పడితే పీపాలు వెనక్కి మోసుకెళ్లాలి. ఒకే టికెట్ మాకు భరోసా. అయినా మీరు చెప్పింది సరైనదే. మా బల్ల వరకు ఒప్పుకుంటున్నాను, తోటివారితో మాట్లాడతాను.

ఆరేళ్లు గారితో ఒక ఆలోచన పంచుకోవాలి. ఉత్సవం రోజు ఉదయం మైదానంలోనే చిన్న కుండ పెట్టి అందరి ముందూ కాస్తే? పిండి చేసిన మాల్టును 66 డిగ్రీల దగ్గర నీళ్లలో ఉంచితే వచ్చేది తియ్యని ద్రవం. ఈస్టు ఇంకా పడదు కాబట్టి ఆల్కహాల్ అసలు ఉండదు. పిల్లలైనా చెంచాతో రుచి చూడవచ్చు. బీరు కుళాయిలు మధ్యాహ్నం దాకా తెరవం. ఆ పూట ఉత్సవం పనికి, తాగడానికి కాదు. ఆల్కహాల్ లేని బీరు కూడా ఒక బల్ల మీద పెట్టగలం.

రాత్రిడ్యూటీ:

మైదానం పిల్లలదిగా ఉండే పూట అదైతే నా అభ్యంతరం సగం పోయింది. మధ్యాహ్నం తర్వాతి సగం అలాగే ఉంది.

ఆరేళ్లు:

ఆల్కహాల్ లేని బీరు నాకు వద్దు. జర్మనీలో అర శాతం వరకు ఉన్నదాన్ని కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. శాతం కంటే ఆ వాసన, గ్లాసు పట్టుకున్న తీరు నాకు ఎక్కువ ప్రమాదం. వేరేవారికి పనికి రావచ్చు, నా మాట అందరి మాట కాదు.

ఉదయం కాచే ఆలోచన మాత్రం నన్ను పట్టుకుంది. ఉడుకుతున్న హాప్స్ వాసన తగిలితే నేను ఉండలేను, అది నాకు తెలుసు. మాల్టు నానే వాసన వేరు, అది మా ఇంట్లో గంజి కాచినప్పటి వాసనే. హాప్స్ ఎన్ని గంటలకు వేస్తారో ముందే చెప్పగలరా?

రాగికుండ:

చెప్పగలను. ఏడింటికి మాల్టు నీళ్లలో పడుతుంది. గంటసేపు నానాలి, వడకట్టడానికి ఇంకో గంటన్నర, మరగడానికి అరగంట. పది లోపల హాప్స్ పడవు. పదికి పది నిమిషాల ముందు గంట కొట్టిస్తాను.