అప్‌డేట్: గోపాలపూర్ పాత రేవు గోడలు దొరికాయి

పర్లాకిమిడి నుంచి అమ్మని కారులో ఒడిశా తీరంలోని గోపాలపూర్ తీసుకెళ్తున్నాం, పాత రేవు శిథిలాలు ఎక్కడున్నాయి, మోకాళ్ల నొప్పితో నడవగలదా అని పోయిన నెల అడిగాను. ఆదివారం వెళ్లొచ్చాం. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చిన సలహా ఒక్కటే: "మ్యాప్ పక్కన పెట్టి జాలర్లని అడగండి." పాతపట్నం, టెక్కలి మీదుగా హైవే ఎక్కి, బరంపురం దాటాక ఇంకో పదహారు కిలోమీటర్లు. బీచ్‌లో వల బాగుచేసుకుంటున్న పెద్దాయనని నేను వచ్చీరాని ఒడియాలో అడిగితే, ఆయన నవ్వి "తెలుగులోనే చెప్పు బాబూ" అన్నాడు. అక్కడి జాలర్లలో చాలామంది మనవాళ్లేనట. భాష గురించి నేను పడ్డ టెన్షన్ అంతా దండగ.

ఆయన చూపించినవి ఇసుకలోంచి లేచిన ఇటుక గోడలు. సున్నం రాలిపోయి, గాలికి ఇటుకలు గుంటలు పడ్డాయి. ఒక గోడ నీడలో ఎవరో చేపలు ఎండేశారు. ఒకప్పుడు ఇక్కడి నుంచే కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారని చెప్పగానే అమ్మ, "మా తాత ఎక్కింది ఇక్కడేనా?" అని గోడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది. మోకాళ్ల మాటే ఎత్తలేదు. ఇసుకలో నడక మాత్రం కష్టమే, చేయి పట్టుకోవాలి.

లోపలికి లాగే అలలు, స్నానానికి దిగకండి. గంజాం దగ్గర పోటగడ కోట కూడా చూడమన్నారు కానీ టైం చాల్లేదు. తిరుగుదారిలో బరంపురంలో అప్పడాలు కొన్నాం, అవి ఇంటికి చేరేసరికి సగం ముక్కలు.