షికాగో డన్నింగ్‌లో బీదల శ్మశానం: ఎవరికైనా తెలుసా?

ప్రశ్న: మేం షికాగో వాయవ్యంలో నారగాన్సెట్ అవెన్యూ దగ్గరికి కొత్తగా వచ్చాం. పక్కనే చిన్న స్మారక పార్కు ఉంది. ఒకప్పుడు అది కౌంటీ (మన జిల్లా లాంటిది) బీదల శ్మశానమట. అక్కడ ఎవరిని పూడ్చారండీ?

జవాబు: అది రీడ్-డన్నింగ్ పార్కు అండీ. నాకు ఆ చోటంటే చాలా పట్టింపు. 1850లలో షికాగో ఉన్న కుక్ కౌంటీ అక్కడ పేదలు ఉండటానికి ఒక వ్యవసాయ క్షేత్రం పెట్టింది. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు పొలం పని చేసేవాళ్లు. తర్వాత పక్కనే పిచ్చాసుపత్రి కట్టారు. అక్కడ పోయినవాళ్లనే కాదు, ఊళ్లో దిక్కూమొక్కూ లేనివాళ్లను కూడా అక్కడ పూడ్చారు. 1871లో షికాగోను తగలబెట్టిన పెద్ద అగ్నిప్రమాదంలో కాలిపోయి, ఎవరూ గుర్తుపట్టలేకపోయినవాళ్లు కూడా ఉన్నారు. మొత్తం 38 వేల మంది ఉంటారని అంచనా. ఒక ఊరు ఊరే!

1912లో ఆసుపత్రి రాష్ట్రం చేతికి వెళ్లింది. శ్మశానం సంగతి జనం మరిచిపోయారు. 1989లో ఇళ్ల కోసం తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. అంతమందిని పూడ్చిన నేలను ఖాళీ స్థలం అనుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మరో జవాబు: ఫలానా మనిషి కోసం వెతికేవాళ్లు పాత కుక్ కౌంటీ మరణ ధ్రువపత్రాలు చూడండి. పూర్వీకుల వివరాలు వెతికే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో వాటి పేర్ల సూచిక ఉచితం. పూడ్చిన చోటు దగ్గర ‘డన్నింగ్’ అని ఉందేమో గమనించండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. ఈ ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి ఇదంతా చెబుతాను.