తెల్లవారుజామున లంబసింగి ప్రయాణం, బండికి ఏం చూసుకోవాలండి?

అంబాజీపేట కుర్రోడు:
సంక్రాంతికి ముందు నాన్నగారినీ పిల్లల్నీ లంబసింగి తీసుకెళ్తున్నా. మూడింటికి బయల్దేరి యానాం, కాకినాడ, కత్తిపూడి, తుని మీదుగా. రాత్రికి అక్కడే ఉంటాం. ఏడేళ్ల డీజిల్ బండి, ఘాట్ ఎప్పుడూ ఎక్కలేదు. చలికి ఏమైనా మార్పించాలా?

డీజిల్ బాబాయ్:
ముందు బ్యాటరీ. మనూళ్లో ఎంత చలైనా సెల్ఫ్ కొట్టగానే లేచేస్తుంది కాబట్టి దాని బలహీనత బయటపడదు. కొండమీద తెల్లారి టక్ టక్ అని ఊరుకుంటుంది. రాత్రంతా ఆపిన బండికి మీటరు పెట్టించండి. 12.6 ఓల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి వచ్చిందంటే సగమే. చలిలో డీజిల్ ఇంజన్ స్టార్టవడానికి లోపల వేడి చేసే హీటర్ ప్లగ్గులు కూడా చూపించండి.

రావులపాలెం వాసి:
కూలంట్ మర్చిపోకండి, అదే ఇంజన్ వేడెక్కకుండా రేడియేటర్లో పోసేది. నా బండికి సర్వీసు కుర్రాడు రెండేళ్లు ఉత్త బోరునీళ్లే పోశాడు. చల్లారాక మూత తీస్తే ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉన్నాయి! అప్పట్నుంచి కూలంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

కాలువగట్టు:
ఆయ్, లంబసింగి తర్వాతండీ, ముందు మన కాలువ గట్టు దాటండి. పోయిన ధనుర్మాసంలో నాలుగింటికి వస్తున్నా, లోపల అద్దానికి ఆవిరి పట్టేసింది. అరచేత్తో తుడిచా. ఎదురుగా లారీ లైటు పడగానే ఆ వేళ్ల చారలన్నీ తెల్లగా వెలిగిపోయాయి, రోడ్డు మాయం. ఎడమ టైరు తారు దిగి గడ్డిలో పడ్డ చప్పుడుకి బ్రేకు తొక్కా. దిగి చూస్తే నాలుగడుగుల్లో నీళ్లు.

రావులపాలెం వాసి:
వేడిగాలి అద్దం మీదకి పెడితే పోతుంది కదండీ?

కాలువగట్టు:
ఒట్టి వేడిగాలైతే ఆలస్యం. ఏసీ కూడా వెయ్యండి, గాల్లో తేమ లాగేది అదే. బయటి గాలి వచ్చేలా పెట్టండి. బయల్దేరే ముందురోజే అద్దం లోపలివైపు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. మంచులో హై బీమ్ వెయ్యకండి, ఎదురుగా సున్నం గోడ కట్టినట్టుంటుంది. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపొద్దు, ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలీదు.

అంబాజీపేట కుర్రోడు:
మీటరు పెట్టించా, 12.1. బ్యాటరీకి అయిదేళ్లంట, మార్చేశా. రాత్రి బోనెట్ మీద గోనెసంచి కప్పమంటున్నారు నాన్నగారు. కప్పొచ్చా?

డీజిల్ బాబాయ్:
కప్పండి, నష్టం లేదు. తెల్లారి తియ్యడం మర్చిపోకండి. మా బావమరిది నర్సీపట్నం దాకా అలాగే వచ్చేశాడు.