‘రన్’ క్రియకు 645 అర్థాలు: ఇది మాట లెక్కా, నిఘంటువు లెక్కా?

భాషామిత్ర

ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న క్రియ ఏది అని అడిగితే చాలాకాలం ‘సెట్’ అనే చెప్పేవారు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పు ఆ క్రియకు 430 అర్థాలిచ్చింది. ఆ నిఘంటువును మొదటి నుంచి సవరిస్తూ వస్తున్న బృందం 2011లో ‘రన్’ను ముగించేసరికి దాని లెక్క 645కు చేరింది. ఆ ఒక్క క్రియను తేల్చడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టిందని అప్పట్లో పత్రికలు రాశాయి.

సంఖ్య చూసి ఆశ్చర్యపోవడం తేలికే. అయితే ఆ 645 దేని లెక్క అన్నది ఇక్కడ చర్చకు పెడుతున్నాను. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో తయారైన వర్డ్‌నెట్ అనే కంప్యూటర్ నిఘంటువులో ఇదే క్రియకు 41 అర్థాలే ఉన్నాయి. అక్కడ ‘బ్రేక్’కు 59 ఉన్నాయి కాబట్టి ‘రన్’ మొదటి స్థానంలో కూడా నిలవదు. ఒకే భాషలోని ఒకే మాటకు లెక్క పదిహేను రెట్లకు పైగా మారిపోతున్నదంటే, మనం కొలుస్తున్నది సంపాదకుల విభజన పద్ధతినే తప్ప ఆ భాష మాట్లాడేవారి మనసులోని అర్థాలను కాదని నా అభిప్రాయం.

అక్షరశాల

ఈ పోలిక సరైనది కాదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చారిత్రక నిఘంటువు. ఒక వాడుక ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు వాడుక తప్పింది అన్నది తేదీలున్న ఉదాహరణలతో చూపడం దాని పని. ఈనాడు ఎవరూ పలకని అర్థాలకు కూడా అందులో చోటుంటుంది. వర్డ్‌నెట్‌కు ఆ బాధ్యత లేదు.

పైగా ‘రన్’ పుట్టుకలోనే రెండు క్రియలున్నాయి. పాత ఇంగ్లీషులో తనకు తాను పరుగెత్తడానికీ ప్రవహించడానికీ ఒక క్రియ, గుర్రం వంటిదాన్ని పరుగెత్తించడానికి మరో క్రియ ఉండేవి; కాలక్రమంలో అవి ఒకే రూపంలో కలిసిపోయాయి. మనకు నడుచు, నడుపు అని రెండు రూపాలుండటం వల్ల తెలుగు నిఘంటుకారుడు వాటిని విడివిడిగా ఎక్కించి ఊరుకుంటాడు. ఇంగ్లీషువాడికి ఆ వీలు లేదు కాబట్టి అంతా ఒకే మాట కిందకు వచ్చి లెక్క పెరుగుతుంది. అంతమాత్రాన ఆ లెక్క కల్పితం కాదు.

విశ్రాంత పంతులు

తరగతి గదిలో ఎన్నో ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాడిగా నేను రెండు లెక్కలనూ ఒప్పుకోను. ‘రన్’కు ఉన్నది ఒకే అర్థం: ఏదో ఒక దారి వెంట ఆగకుండా సాగడం. మనిషి సాగితే పరుగు, నీరు సాగితే ప్రవాహం, రోడ్డు ఊళ్ల మీదుగా సాగుతుంది, ఒప్పందం మూడేళ్లు సాగుతుంది. తేడా అంతా పక్కనున్న నామవాచకం తెచ్చిపెడుతున్నదే గాని క్రియది కాదు. చార్లెస్ రూల్ అనే భాషావేత్త కూడా 1989లో ఇలాంటి వాదమే చేశాడు. మాటకు ముందుగా ఒకే అర్థం ఉందనుకుని బయలుదేరాలనీ, అది కుదరదని రుజువైనప్పుడే రెండోది ఒప్పుకోవాలనీ ఆయన పద్ధతి.

మన ‘తిను’ సంగతే చూడండి. అన్నం తింటాం, దెబ్బలు తింటాం, తిట్లు తింటాం, లంచం తింటారు, పిల్లలు బుర్ర తింటారు. ఇవన్నీ వేర్వేరు అర్థాలని తెలుగు పిల్లవాడికి ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషు నేర్చుకునేవారి చేతిలో మాత్రం నలభై వరుసల పట్టిక పెట్టి బట్టీ పట్టమంటున్నాం.

అనువాదకురాలు

పంతులు గారూ, మీ ‘తిను’ మీ వాదానికే అడ్డు వస్తుంది. ‘పొద్దున అన్నమూ మధ్యాహ్నం తిట్లూ తిన్నాడు’ అంటే వినేవారు నవ్వుతారు. ఒకే అర్థమైతే నవ్వు ఎక్కడిది? ఇంగ్లీషులోనూ అంతే. ఒకే క్రియతో ఒక మనిషి మారథాన్‌నూ కంపెనీనీ కలిపి ‘రన్’ చేయించిన వాక్యం చమత్కారంగానే వినిపిస్తుంది. అర్థాలు వేరనడానికి భాషావేత్తలు వాడే పరీక్షల్లో ఇదొకటి. ఇలాంటి చమత్కారాల మీద పెరిగిన శ్లేష సంప్రదాయం మనకుంది. ఒకే పద్యానికి రామాయణార్థమూ భారతార్థమూ పట్టించిన పింగళి సూరన మన కవే.

ఏకైక మూలార్థం మీద నాకున్న అసలు అభ్యంతరం వేరు. అది వాడుకను తర్వాత సమర్థిస్తుందే గాని ముందుగా చెప్పలేదు. ఎన్నికల్లో పోటీ చేయడానికి అమెరికన్లు ‘రన్’ అంటారు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అంటారు, మనం నిలబడటం అంటాం. పరుగెత్తడమూ నిలబడటమూ ఒకే పనికి పేర్లయినప్పుడు, ‘ఆగకుండా సాగడం’ అన్న మూలార్థం తెలిసిన విద్యార్థి ఆ వాడుకను ఎలా ఊహిస్తాడు?

అనువదించేటప్పుడు నాకు ఎదురయ్యేది ఇది. ‘రన్’ ఉన్న చోట ముక్కు కారుతుంది, కాలువ పారుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, బడి నడుస్తుంది, ఉతికినప్పుడు చీర రంగు దిగుతుంది, పత్రిక వార్త వేస్తుంది, ఒంట్లో జ్వరం ఉంటుంది. క్రికెట్‌లోని పరుగు ఒక్కటే తిన్నగా వచ్చింది. ఈ జాబితాలో ‘ఉంటుంది’ మరీ విచిత్రమైనది; అక్కడ ఇంగ్లీషు క్రియలోని కదలిక మొత్తం ఆవిరైపోయింది. అందుకే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుకు నేను ప్రతిపాదించే సూత్రం ఇది: తెలుగు క్రియ ఎక్కడ మారుతుందో అక్కడ కొత్త అర్థం మొదలవ్వాలి, మారని చోట ఎన్ని ఉపభేదాలున్నా ఒకే అంకె కింద ఉండాలి. 645 అక్కరలేదు, ఒకటి చాలదు.

ధాతుపాఠి

ఈ తగువు కొత్తది కాదని గుర్తుచేయడానికే రాస్తున్నాను. సంస్కృత క్రియామూలాల (ధాతువుల) పట్టిక అయిన ధాతుపాఠంలో ప్రతి ధాతువు పక్కన సాధారణంగా ఒక్క అర్థమే కనిపిస్తుంది. ‘భూ సత్తాయామ్’, అంటే ‘భూ’ ధాతువుకు ఉండటం అని అర్థం, అన్నట్టు. అయితే ధాతువులకు చాలా అర్థాలుంటాయని పాణిని వ్యాకరణం మీది వ్యాఖ్య అయిన మహాభాష్యంలో పతంజలి ఒప్పుకున్నాడు, ‘వప్’ ధాతువు విత్తులు చల్లడానికే కాక జుట్టు కత్తిరించడానికీ వర్తిస్తుందని చూపాడు. పట్టికలో ఉన్నది గుర్తుపట్టడానికి ఇచ్చిన ఆనవాలే తప్ప అదే సర్వస్వం కాదని వైయాకరణుల సమాధానం. పంతులు గారు చెప్పే మూలార్థాన్ని కూడా అలాంటి ఆనవాలుగా తీసుకుంటే పేచీ తగ్గుతుంది.

ఇంకొకటి. ధాతువుకు ముందు చేరే ప్ర, ఆ, సం వంటి ఉపసర్గ ఆ ధాతువు అర్థాన్ని బలవంతంగా మరో చోటికి లాక్కుపోతుందని ఒక ప్రసిద్ధ శ్లోకం ఉంది. దానికి ఉదాహరణలు ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం. అన్నిటిలో ఉన్నది ‘హృ’ ధాతువే. కొట్టడం, తినడం, చంపడం, తిరగడం, వదలడం దాకా పోయింది. ‘రన్ అవుట్’, ‘రన్ ఇంటు’, ‘రన్ డౌన్’ వంటివి ఇదే జాతికి చెందినవి. సరుకు అయిపోవడమూ, దారిలో అనుకోకుండా ఎదురుపడటమూ, ఎవరినైనా తక్కువ చేసి మాట్లాడటమూ ‘రన్’ ఖాతాలో వేయాలా, వెనుక నిలిచిన చిన్న మాటల ఖాతాలోనా? ఇది తేలకుండా లెక్క తేలదు.

(అమరకోశం నానార్థవర్గంలో ‘హరి’కి యముడి నుంచి కప్ప దాకా పదమూడు, కపిలవర్ణంతో కలిపి పద్నాలుగు అర్థాలున్నాయి. అది నామం కాబట్టి ఇక్కడ పక్కన పెడుతున్నాను, కానీ మన పెద్దలు లెక్కకు భయపడలేదని మనవి.)

యంత్రానువాది

అర్థాల మధ్య గీత ఎక్కడ గీయాలన్నదానికి కంప్యూటర్ భాషాశాస్త్రంలో ఒక ఆచరణాత్మకమైన కొలత పుట్టింది. ఒక వాక్యంలో మాట ఏ అర్థంలో ఉందో వర్డ్‌నెట్‌లోని సూక్ష్మమైన విభజనలతో గుర్తు పెట్టమంటే శిక్షణ పొందిన మనుషులే తరచూ ఒకరితో ఒకరు ఏకీభవించేవారు కాదు. అందుకని ఆన్టోనోట్స్ అనే పథకంవారు 2006 ప్రాంతంలో, గుర్తులు పెట్టేవారిలో 90 శాతం ఏకాభిప్రాయం కుదిరేదాకా అర్థాలను కలుపుతూ పోయారు. మనుషులు తడబడకుండా వేరు చేయగలిగిన భేదమే భేదమని దాని సారం. నిఘంటువులు చెప్పే అర్థాల ఉనికినే ప్రశ్నించిన భాషావేత్త ఆడమ్ కిల్‌గారిఫ్, అర్థమనేది ఒక పనికోసం వాడుకలను గుంపులు చేసినప్పుడే ఏర్పడుతుందని 1997లోనే వాదించాడు. పని మారితే గుంపులు మారతాయి. భాషామిత్ర గారి ప్రశ్నకు నా జవాబు కూడా ఇదే.

భాషామిత్ర

అలాగైతే అనువాదకురాలి సూత్రానికి ఒక చిక్కు వస్తుంది. హిందీలో సినిమా, దుకాణం, బస్సు అన్నిటికీ ‘చల్నా’ సరిపోతుంది. హిందీ నిఘంటువులో ఒకే అంకె కింద ఉండేవి తెలుగులో రెండుగానో మూడుగానో చీలుతాయి. ఇంగ్లీషు మాటకు ఎన్ని అర్థాలో తెలుగు నిర్ణయించడం విడ్డూరం కాదా?

అనువాదకురాలు

విడ్డూరమేమీ లేదు. ద్విభాషా నిఘంటువు రెండు భాషల మధ్య ఉన్న సంబంధాన్ని చెబుతుంది, కాబట్టి దాని లెక్క ఆ జంటకే చెందుతుంది. ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే ఉన్న లెక్క కావలసినవారు ఆక్స్‌ఫర్డ్‌ను చూస్తారు.

అక్షరశాల

మీ సూత్రం తెలుగు వాడుక దగ్గరే తడబడుతుంది. ‘ఆయన బస్సులు నడుపుతాడు’ అన్న వాక్యంలో ఆయన డ్రైవరా, యజమానా? తెలుగు క్రియ మారలేదు కాబట్టి మీ లెక్కన రెండూ ఒకే అంకె కిందకు వస్తాయి. ఇంగ్లీషులో మాత్రం స్టీరింగ్ పట్టుకునేవాడికి ‘డ్రైవ్’ ఉంది, బస్సుల వ్యాపారం చేసేవాడికే ‘రన్’ వాడతారు. మీ నిఘంటువు చూసిన విద్యార్థి, డ్రైవరుగా పనిచేస్తున్న తన తండ్రి గురించి ఏ క్రియతో రాస్తాడు?

అనువాదకురాలు

న్యాయమైన ఆక్షేపణ. అక్కడ అంకె పెంచినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తప్పు జరిగేది ‘రన్’ను చదివేటప్పుడు కాదు, ‘నడుపు’ నుంచి ఇంగ్లీషుకు వెళ్లేటప్పుడు. ఆ తేడాను చూపవలసిన చోటు తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులోని ‘నడుపు’. అక్కడ డ్రైవరు, యజమాని రెండు అంకెలుగా విడిపోవలసిందే. ‘రన్’ కింద నేను ‘నిర్వహించు, నడుపు’ అని రాసి, ‘వాహనాన్ని స్వయంగా తోలడానికి ఈ మాట వాడరు’ అని ఒక హెచ్చరిక చేరుస్తాను. ఎవరినైనా మన బండిలో స్టేషన్ దాకా దింపి వచ్చే సందర్భంలో ఇంగ్లీషువారు ‘రన్’ అనే వాడుక ఒకటుంది, దాన్ని ‘దింపు’ కింద వేరుగా పెట్టాలి. లేకపోతే ఆ హెచ్చరికే అబద్ధమవుతుంది.