నాన్నగారు చూసుకునే పనులన్నీ నా ఫోన్‌లోకి వచ్చేశాయి, వాటిని తిరిగి ఆయనకు అప్పగించడం ఎలా?

మర్రిపాలెం నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రైల్వేలో, వాల్తేరు డివిజన్ సిగ్నల్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందారు. ఇప్పుడు ఆయనకు 76 ఏళ్లు. అమ్మా, ఆయనా మాతోనే ఉంటున్నారు. ఇంటి వ్యవహారాలన్నీ ఒకప్పుడు ఆయన చేతుల మీదుగానే నడిచేవి. పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడి కరెంటు బిల్లు కట్టడం, గ్యాస్ సిలిండరు రాయించడం, ఇంటి పన్ను కట్టడం, మా పరీక్ష ఫీజులకు బ్యాంకులో డీడీలు తీయించడం, అన్నీ ఆయనే చూసుకునేవారు. కట్టిన ప్రతి బిల్లు రసీదునూ గోడకు వేలాడే ఇనుప కమ్మీకి గుచ్చేవారు. కమ్మీ నిండాక పాత రసీదులను దారంతో కట్టి, పైన సంవత్సరం రాసి బీరువాలో దాచేవారు. ఏ పద్దు గురించి ఎవరు అడిగినా క్షణంలో కాగితం తీసి చూపించేవారు.

2016లో నోట్ల రద్దు, అదే ఏడాది వచ్చిన యూపీఐ, చౌకగా దొరికిన ఇంటర్నెట్ కలిసి ఈ పనులను ఒక్కొక్కటిగా నా ఫోన్‌లోకి తీసుకొచ్చాయి. ఇలా చేద్దామని ఇంట్లో ఎవరూ కూర్చుని నిర్ణయించింది లేదు. ఎండలో ఆయన ఎందుకు వెళ్లాలి అనుకుని నేను ఒక బిల్లు కట్టాను, ఆ తర్వాత అన్నీ నావే అయ్యాయి. ఇప్పుడు ఆయన "కరెంటు బిల్లు కట్టావా?" అని అడుగుతారు, నేను "కట్టేశాను నాన్నా" అంటాను, అక్కడితో ఆ మాట అయిపోతుంది. ఎంత వచ్చిందో, కిందటి నెల కన్నా ఎందుకు పెరిగిందో ఆయనకు తెలియదు. తన పింఛను జమ అయిందో లేదో తెలుసుకోవడానికి కూడా నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎదురుచూస్తున్నారు. ఆయన ఫోన్‌కు ఓటీపీ వస్తే, కళ్లజోడు వెతుక్కుని ఒక్కొక్క అంకే చదివి చెప్పేలోపు గడువు దాటిపోతుంది. ఆ క్షణంలో ఆయన ముఖం చిన్నబోవడం నన్ను చాలా బాధపెడుతోంది.

రైలు సిగ్నళ్లను నడిపించే రిలే గదిలో వందల తీగల మధ్య, చేతిలో సర్క్యూట్ పటం పట్టుకుని లోపం ఎక్కడుందో కనిపెట్టిన మనిషి ఆయన. నేర్చుకునే శక్తి లేదంటే నేను నమ్మను. అయితే రోజూ వింటున్న సైబరు మోసాల వల్ల, డబ్బుతో ముడిపడిన ఫోన్‌ను ఆయన చేతికి ఇవ్వడానికి నాకే భయంగా ఉంది. మన విశాఖలో ఇలాంటి పరిస్థితిని దాటివచ్చిన కుటుంబాలు ఏం చేశాయో, ఎక్కడ మొదలుపెట్టాయో దయచేసి చెప్పండి.

ఎంవీపీ కాలనీ, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

నమస్కారమండీ. నేర్పే విషయానికి ముందు ఒకటి తేల్చుకోండి. నాన్నగారి ఖాతాకు సంబంధించిన పిన్ మీకు తెలుసా? తెలిస్తే ఈ రోజే ఆయన చేత మార్పించండి, కొత్తది మీరు అడగవద్దు. ఇందులో మర్యాద ఎంత ఉందో చట్టం కూడా అంతే ఉంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా మూడో వ్యక్తి వల్ల మోసం జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేసిన వారికి నష్టం ఉండదు. పిన్ గాని ఓటీపీ గాని తామే ఇతరులకు చెప్పిన సందర్భంలో, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే అవుతుంది. కుటుంబ సభ్యులైనా సరే, పిన్ పంచుకోవడం అలవాటైతే రేపు ఇంకొకరు అడిగినప్పుడు ఆ పెద్దవారి నోటికి "చెప్పను" అనే మాట రాదు.

ఇక నేర్పడం గురించి. బ్యాంకుల్లో కంప్యూటర్ల వాడకంపై వేసిన రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చిన తర్వాత బ్యాంకుల్లో కంప్యూటర్లు మెల్లగా ప్రవేశించాయి. అవి మా శాఖకు వచ్చేసరికి, జీవితమంతా లెడ్జర్లు రాసిన హెడ్ క్లర్కులు కొందరు యాభైలు దాటి ఉన్నారు. ఒక్క తప్పు మీట నొక్కితే ఖాతాలన్నీ చెరిగిపోతాయేమోనని వారు వణికిపోయేవారు. శిక్షణ తరగతుల్లో కూర్చోబెట్టి అన్నీ ఒకేసారి చెప్పినప్పుడు వారికి ఏమీ అందలేదు. ఒక పెద్దాయనకు మా మేనేజరు పాస్‌బుక్కులు ముద్రించి ఇచ్చే పని మాత్రమే అప్పగించారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని, పొరపాటు జరిగినా ఎవరి డబ్బూ ఎక్కడికీ పోని పని. చేతికి ఆ పని పట్టుబడ్డాక మిగతావి ఆయనే అడిగి మరీ నేర్చుకున్నారు.

మీ ఇంట్లోనూ అదే వరుస పాటించండి. మొదట నిల్వ చూసుకోవడం, పింఛను జమ అయిందో లేదో చూసుకోవడం మాత్రమే చేయనివ్వండి. వీలున్న చోటల్లా భాష తెలుగులోకి మార్చండి, అక్షరాల సైజు పెంచండి, ఫోన్ తెరిచిన వెంటనే కనిపించే చోట అవసరమైన నాలుగైదు గుర్తులే ఉంచండి. ఆ తర్వాత కొద్ది మొత్తం మాత్రమే ఉండే వేరే ఖాతాను యూపీఐకి జతచేసి, కంచరపాలెం రైతుబజారులో ఆయనకు పరిచయమున్న కూరగాయల వ్యాపారి దగ్గర ఆయన చేతే చెల్లింపు చేయించండి. మీరు పక్కన నిలబడండి, ఫోన్ మాత్రం ముట్టుకోకండి. వెనక జనం ఉన్నారని తొందరపడి ఫోన్ లాక్కోవడంతోనే చాలా ఇళ్లలో ఈ చదువు ఆగిపోతుంది. పింఛను వచ్చే ఖాతాను మాత్రం యూపీఐకి జతచేయకండి.

మోసాల సంగతికొస్తే, యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, నిల్వ చూసుకోవడానికేనని, మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టడం గాని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం గాని అవసరం లేదని ఆయన మనసులో నాటుకునేలా చెప్పండి. ఈ రాత్రికి కరెంటు తీసేస్తామని వచ్చే సందేశాలు, వీడియోకాల్‌లో పోలీసు దుస్తులతో కనిపించి డిజిటల్ అరెస్టు చేశామని బెదిరించే ఫోన్లు అన్నీ దొంగవే. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

గాజువాక గృహిణి:

మీ ప్రశ్న చదివాక ఒక మాట అడగాలనిపించింది. ఇంత వివరంగా నాన్నగారి గురించి రాశారు, అమ్మగారి చేతిలో ఏ పని ఉండేదో, ఇప్పుడు ఏముందో రాయలేదు. మా మామగారు ఉన్నంతకాలం మా అత్తయ్యగారు బ్యాంకు మెట్లు ఎక్కి ఎరుగరు. ఆయన పోయాక కుటుంబ పింఛను పత్రాల కోసం తిరుగుతున్నప్పుడు, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించే మనిషి కోసం ఆవిడ వెతుక్కోవలసి వచ్చింది. పెద్దతరం అనగానే ఒక్క నాన్నలనే తలుచుకోవద్దని నా మనవి. ఫోన్ మా ఇంట్లో ఆవిడ పెత్తనాన్ని తీసేయలేదు, మొదటిసారి ఇచ్చింది. పాలవాడికీ, బ్లౌజులు కుట్టే ఆవిడకీ, గుడిలో అర్చన టికెట్టుకీ ఇప్పుడు ఆవిడే డబ్బు పంపుతున్నారు.

నేర్పింది మా అమ్మాయి. అత్తయ్యగారి వేళ్లు పొడిబారిపోయి తెర స్పందించకపోతే, తన తప్పేనేమో అని ఆవిడ గట్టిగా అదిమేవారు. కొద్దిగా తడిచేసిన చీర చెంగుతో వేలు తుడుచుకుని మెల్లగా తాకితే చాలని మనవరాలే కనిపెట్టి చెప్పింది. ప్రతి అడుగునూ అత్తయ్యగారు తన మాటల్లోనే, తన చేతిరాతతోనే ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. మేము రాసి ఇచ్చిన కాగితం ఒక్కరోజు కూడా ఆవిడకు ఉపయోగపడలేదు.

మీకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 2024లో యూపీఐ సర్కిల్ అనే సదుపాయం వచ్చింది. ఒకరి ఖాతా నుంచి ఇంకొకరు తమ ఫోన్‌తో చెల్లించడానికి ఇందులో అనుమతి ఇవ్వవచ్చు. పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000 రూపాయలు, ఒక్కో చెల్లింపుకు 5,000 రూపాయలు దాటకుండా పరిమితి ఉంటుంది. పాక్షిక అనుమతి అయితే ప్రతి చెల్లింపునూ అసలు ఖాతాదారు తన పిన్‌తో ఆమోదించాలి. చాలామంది పిల్లలు ఖాతా తమదిగా ఉంచి పెద్దవారిని రెండో స్థానంలో చేరుస్తారు. మీరు దాన్ని తిరగేయండి. ఇంటి ఖర్చుల ఖాతా నాన్నగారిది గానో అమ్మగారిది గానో ఉంచి, పాక్షిక అనుమతితో మీరు రెండో స్థానంలో చేరండి. అప్పుడు కరెంటు బిల్లు మీరు మొదలుపెట్టినా, మొత్తం చూసి సరేననేది వారే అవుతారు.

పెదవాల్తేరు నుంచి ఒక పెద్దాయన:

బాబూ, నాకు 78 ఏళ్లు. మీ నాన్నగారి వైపు నుంచి నాలుగు మాటలు చెప్పనివ్వండి. ఫోన్ నేర్పమని మేము ఎదురుచూస్తున్నామని మీరందరూ అనుకుంటున్నారు. నా మటుకు నాకు, బిల్లు నా చేత్తో కట్టాలన్న పట్టుదల లేదు. ఏం జరుగుతోందో తెలిసి ఉండాలన్నదే నా కోరిక.

మా నాన్నగారికి నేను కూడా చేతిసాయంగా ఉన్నవాడినే. 1970ల్లో కలకత్తాలో ఉన్న మా బాబాయితో మాట్లాడాలంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజి వాళ్లు కలిపే ట్రంక్ కాల్ బుక్ చేయడానికి నన్నే పంపేవారు. మామూలు కాల్ అయితే ఎప్పటికి కలుస్తుందో చెప్పలేని పరిస్థితి, అర్జెంటు అంటే రెట్టింపు రుసుము. ఏది బుక్ చేయాలో, మూడు నిమిషాల్లో ఏయే సంగతులు చెప్పాలో మా నాన్నగారే నిర్ణయించి చీటీ మీద రాసి ఇచ్చేవారు. ఎక్స్ఛేంజికి నడిచింది నేను, నిర్ణయం ఆయనది. తర్వాత పసుపు రంగు ఎస్టీడీ బూత్‌లు వచ్చి, రాత్రిపూట రేటు తగ్గే వేళ కోసం జనం బారులు తీరిన రోజుల్లో కూడా, తెర మీద తిరిగే అంకెలు పక్కనున్న అందరికీ కనిపించేవి. పాస్‌బుక్కు అలమరలో ఉండేది, ఉత్తరం బల్ల మీద ఉండేది, రసీదు కమ్మీకి ఉండేది. ఇంట్లో ఎవరైనా తీసి చూసుకోవచ్చు. ఇప్పుడు అదంతా ఒక మనిషి జేబులో, ఆ మనిషి వేలిముద్రకు మాత్రమే తెరుచుకునే చోట ఉంది. మాకూ మీకూ మధ్య వచ్చిన అసలు తేడా ఇదేనని నా అభిప్రాయం.

అందుకని మీరు బిల్లు కట్టినా సరే, దాని వివరం నాన్నగారికి సందేశంగా పంపండి, నెలాఖరుకు ఆయనతో కూర్చుని పద్దు చూడండి. మా అబ్బాయి మధురవాడలో ఉంటాడు. బిల్లులు వాడే కడతాడు, వివరాలు నాకు పంపుతాడు, వాటిని నేను పుస్తకంలో రాసుకుంటాను. నీళ్ల బిల్లు రెండుసార్లు కట్టినట్టు ఒకసారి ఆ పుస్తకంలోనే తేలింది.

మరొక్క సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీరు ఊళ్లోనే ఉండి ఉంటారు. కరెంటు పోయింది, టవర్లు పడిపోయాయి, ఏటీఎంలు పనిచేయలేదు, పాలకూ నీళ్లకూ జనం అల్లాడిపోయారు. అప్పటికి యూపీఐ రాలేదు గనుక ఇళ్లలో ఎంతో కొంత నగదు ఉండేది. ఈనాడు అలాంటి తుఫాను వస్తే ఎంతమంది ఇళ్లలో వారం గడిచే నగదు ఉంటుంది? దగ్గరివాళ్ల ఫోన్ నంబర్లు ఎంతమందికి నోటికి వచ్చు? ఈ బాధ్యత మీ నాన్నగారికి అప్పగించండి. నగదు, బ్యాటరీల రేడియో, కాగితం మీద రాసిన నంబర్లు, ముఖ్యమైన పత్రాల నకళ్లు, వీటిని ఎలా ఉంచాలో ఆయనకు మీకన్నా బాగా తెలుసు.

మర్రిపాలెం నివాసి:

ముగ్గురికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. గాజువాక అక్కగారు అడిగింది న్యాయమైన ప్రశ్న, అమ్మ పేరు మీద కూడా యూపీఐకి ఒక ఖాతా తెరిపిస్తాను. నెలాఖరు పద్దు ఈ నెల నుంచే మొదలుపెడుతున్నాం. ఒక సందేహం మిగిలింది. పింఛను ఆగకుండా, బతికే ఉన్నామని ఏటా నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి నాన్నగారి వేలిముద్రలు యంత్రంలో పడడం లేదు. అది ఆయన సొంతంగా చేసుకునే మార్గం ఉందా?

ఎంవీపీ కాలనీ, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

ఉందండీ. డిజిటల్ జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైనప్పుడు వేలిముద్ర, కనుపాప మాత్రమే ఉండేవి. వయసుతో వేలిగీతలు అరిగిపోయినవారు చాలా అవస్థ పడ్డారు. 2021 నుంచి ముఖం గుర్తింపుతో చేసే వీలు వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు వేసి, వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి, చెప్పినప్పుడు కళ్లు ఆర్పితే చాలు. ఫోన్ ఆయన చేతిలోనే ఉండనివ్వండి. పూర్తయ్యాక ఫోన్‌కు సందేశంగా వచ్చే ప్రమాణ్ సంఖ్యను ఆయన పుస్తకంలో రాసుకోమనండి. అది కుదరకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి కొద్ది రుసుముతో చేసిపెట్టే ఏర్పాటు తపాలా శాఖ బ్యాంకులో ఉంది. 70 ఏళ్లు దాటినవారికి ఇంటి దగ్గరే ఇలాంటి సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులన్నింటికీ చెప్పింది, కాబట్టి శాఖలో అడగడానికి మొహమాటపడవద్దు. పింఛను ఉత్తర్వులోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకేలా ఉన్నాయో లేదో మాత్రం అక్టోబరులోనే చూసుకోండి. తేడా ఉంటే సరిచేయించడానికి సమయం పడుతుంది.